ఉస్తరా, సానరాయి, వజ్రం

మా చిన్నతనంలో ఇంట్లో అఖీఖా అంటే హజ్జాం చాచా రావలసిందే. పసిబిడ్డ పుట్టువెంట్రుకలు తీయడానికీ ఆయనే, మగపిల్లల ఒడుగులకూ ఆయనే. చాపమీద తోలుసంచి విప్పితే మొదట బయటికి వచ్చేది ఉస్తరా కాదు, అరచేయంత రాయి. దానిమీద నాలుగు చుక్కలు నీళ్ళు చల్లి నిదానంగా నూరుతూ కూర్చొనేవాడు. ఇంట్లోవాళ్ళు తొందరపెడితే, "ఆగు బేటీ, కత్తి ఇంకా తయారు కాలే" అనేవాడు. ఏడు రోజుల బిడ్డ తలమీద ఆడవలసిన కత్తి అది!

ఈమధ్య మేము వజ్రపు సానపలకను చూచాము. చూడగానే చాచా రాయి జ్ఞాపకం వచ్చింది. ఉక్కుకూ వజ్రానికీ మన నేలతో ఉన్న సంబంధం తెలిసినదే కాబట్టి, ఆ కథ నాలుగు మాటల్లో చెప్పుకొందాము.

ముందు ఉక్కు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసలలో కరిగించి చేసిన ఉక్కుకోసం ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చేవారని 1820 ప్రాంతంలో ఆ ఊరు చూచిన హెన్రీ వాయ్సీ రాశాడు. మన 'ఉక్కు' మాటే దొరల నోట 'ఊట్జ్' అయిందని పలువురి అభిప్రాయం. 1794లో బొంబాయి నుంచి డాక్టర్ హెలెనస్ స్కాట్ అటువంటి ఉక్కు ముద్దలను లండనుకు, జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. అక్కడి కత్తుల పనివాడు జేమ్స్ స్టోడార్ట్ వాటిని పరీక్షించాడు. తన రేజర్లూ, శస్త్రచికిత్స పరికరాలూ హిందూదేశపు ఊట్జ్‌తో చేసినవనీ, యూరపు ఉక్కులన్నిటికంటె అదే మేలనీ తన దుకాణం కార్డుమీద అచ్చువేయించుకొన్నాడు. 1820లో మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమాలపై ప్రయోగాలు ప్రకటించినవాడూ ఇతడే.

ఇక వజ్రం. 1720ల్లో బ్రెజిల్ గనులు బయటపడేదాకా లోకానికి వజ్రాలు దాదాపుగా మనదేశం నుంచే పోయేవి. కృష్ణ ఒడ్డున కొల్లూరు గని ఇప్పుడు పులిచింతల జలాశయంలో మునిగి ఉన్నది. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే మన గనుల దగ్గర వజ్రాలు అరగదీసేవారిని చూచాడు. చక్రంమీద నూనె పోసి, ఖరీదైనదైనా వెనుకాడకుండా వజ్రపు పొడి చల్లేవారట. వజ్రాన్ని అరగదీయడానికి వజ్రమే కావాలి గదా!

అయితే ఆ పొడి మంగలి సంచిలోకి ఎట్లా వస్తుంది? కొనే తాహతు ఎవరికి? అందుచేత ఉస్తరాలు మామూలు రాళ్ళమీదనే పదునెక్కాయి. యూరపులో బెల్జియం నుంచి వచ్చే కోటిక్యూల్ అనే లేతపసుపు రాయికి మంచి పేరు. అందులో అతి సన్నని గార్నెట్ రేణువులు ఉంటాయి. 1891లో అమెరికాలో అచిసన్ కార్బోరండం కనిపెట్టిన తర్వాత కృత్రిమ సానరాళ్ళు చౌకయ్యాయి. 1954 డిసెంబరు 16న జనరల్ ఎలెక్ట్రిక్ ప్రయోగశాలలో ట్రేసీ హాల్ అధిక పీడనంలో కృత్రిమ వజ్రం తయారు చేశాడు. అప్పటినుంచి వజ్రపు పొడి నగల పెట్టె దాటి కార్ఖానాకు వచ్చింది.

మేము చూచిన పలక సంగతి ఏమంటే, అది రాయే కాదు. ఉక్కు రేకుమీద నికెల్ పూతతో వజ్రపు రేణువులను పట్టించారు. ముతక పలకలో రేణువు 45 మైక్రాన్లు, సన్నదానిలో 9, మరీ సన్నదానిలో 3. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మంచి ఉస్తరా అంచు ఒక్క మైక్రాను కూడా ఉండదు! ఆ లెక్కలోనే చిక్కంతా ఉంది. కత్తికి పెచ్చు ఊడితే, ముతక పలకమీద వెన్నూ అంచూ రెండూ ఆనించి, బరువు వేయకుండా నీళ్ళతో నాలుగుసార్లు తోస్తే చాలు. రాయిమీద అరపూట పట్టే పని ఇట్టే అవుతుంది. కాని నికెల్‌లో బిగుసుకొన్న వజ్రం కదలదు, ఒకపట్టాన అరగదు, ఉక్కులో లోతుగా గీతలు పెడుతుంది. ఆ గీతలు అంచుదాకా పోయి సన్నని రంపంలాగా మిగులుతాయి. కొత్త పలకైతే మరీ మొరటు. అంతటితో ఆపి గడ్డానికి పెడితే మంట తప్పదు. ఆ గీతలు పోవడానికి మళ్ళీ మెత్తని రాయికి రావాలి, ఆపైన తోలుపట్టా. రాయిమీద అంచు ముందు నడుస్తుంది, తోలుమీద వెన్ను ముందు నడుస్తుంది. ఇది తారుమారైతే తోలు తెగుతుంది, పదునూ పోతుంది. తోలుకు పూయడానికి అర మైక్రాను వజ్రపు ముద్ద కూడా దొరుకుతుంది. అది మాత్రం, మితంగా వాడితే, మంచి పనే చేస్తుంది.

ఇంతా చేసి వజ్రం చౌకయ్యే నాటికి ఉస్తరాయే వెళ్ళిపోసాగింది. 1903లో అమ్మకానికి వచ్చిన జిలెట్ బ్లేడు ఇంటి గడ్డాలను పట్టుకుపోయింది. 1986లో మద్రాసులో హెచ్.ఐ.వి. బయటపడిన తర్వాతి ఏళ్ళలో సెలూన్లలో సగం బ్లేడు బిగించే కత్తులు వచ్చాయి. ఒకరి ముఖంమీది కత్తి మరొకరికి తగలకూడదన్న జాగ్రత్తను మేము తప్పుపట్టలేము. కాని చెవితో విని పదును చెప్పగల చేతులు దానితోనే పోయాయి.

చాచా మనుమడి సెలూనులోనూ ఇప్పుడు బ్లేడ్లే. తాత రాయి మాత్రం అల్మారాలో దాచి ఉంచాడు. రెండు తరాలు నూరి నూరి అది మధ్యలో దోనెలాగా గుంట పడింది. మొన్న మేము వజ్రపు పలక తీసుకుపోయి, రాయిమీద పెన్సిలుతో గీతలు గీసి, నీళ్ళు పోసి పలకతో రుద్దాము. పది నిమిషాలకు ఆఖరి గీత కూడా చెరిగి రాయి చదునైంది. కుర్రవాడు తాత ఉస్తరా తీసి, వెన్ను ఆనించి తోశాడు. చప్పుడు మొదట గరగరమన్నది. ఇరవై తోపులకు సన్నగిల్లింది. తన ముంజేతిమీద వెంట్రుకలకు పెట్టి చూచుకొని, "ఇంకా తయారు కాలే" అని మళ్ళీ రాయిమీద నీళ్ళు చల్లాడు.