వ్యవసాయ లైన్లకు సోలార్ కలిసినప్పుడు ఓల్టేజీ సమస్యలు – రైతులు తీసుకోవలసిన జాగ్రత్తలు

పొలంలో మోటారు కాలిపోతే వైండింగ్ ఖర్చు ఒక్కటే నష్టం కాదు. సమయానికి తడి అందక పైరు కూడా దెబ్బతింటుంది. మోటార్లు కాలడానికి లో ఓల్టేజీ ఒక ముఖ్య కారణం. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకం కింద వ్యవసాయ లైన్లకు సోలార్ కలిసిన చోట ఓల్టేజీ పెరగడం వల్ల వచ్చే ఇబ్బందులను కూడా రైతులు తెలుసుకోవాలి.

ఎంత ఓల్టేజీ ఉండాలి?

త్రీ ఫేజ్ మోటారుకు 415 ఓల్టులు అందాలి. 6 శాతం అటూ ఇటూ ఉండవచ్చు. అంటే సుమారు 390 నుంచి 440 ఓల్టుల మధ్య ఉండాలి.

ఓల్టేజీ ఎందుకు తగ్గుతుంది?

• ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బోరు దూరంగా ఉండటం, సన్నని వైరు, వదులు జాయింట్లు.
• సామర్థ్యానికి మించి మోటార్లు కలపడం.
• ఆటో స్టార్టర్ల వల్ల కరెంటు రాగానే మోటార్లన్నీ ఒకేసారి ఆన్ కావడం.

ఓల్టేజీ 20 శాతం తగ్గితే మోటారు తిప్పే బలం సుమారు 36 శాతం పడిపోతుంది. అప్పుడు మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది.

సోలార్ కలిస్తే ఏమవుతుంది?

మధ్యాహ్నం మోటార్లు నడుస్తుంటే పక్కనే తయారయ్యే సోలార్ కరెంటు వాటికే అందుతుంది. దాంతో లైను చివర ఓల్టేజీ మెరుగుపడుతుంది. మోటార్లు ఆగి ఉంటే ఆ కరెంటు లైనులోకి ఎదురు వెళ్లి ఓల్టేజీని పెంచుతుంది. పరిమితి దాటితే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. ఆ సేపు మీరు అమ్ముకోవలసిన యూనిట్లు పోయినట్లే.

ఓల్టేజీ పెరిగినప్పుడు రియాక్టివ్ పవర్ తీసుకుని దాన్ని కొంత తగ్గించే సెట్టింగు చాలా ఇన్వర్టర్లలో ఉంటుంది. దీన్ని విద్యుత్ శాఖ అనుమతితో కంపెనీ టెక్నీషియన్ మాత్రమే మార్చాలి.

పాటించవలసిన జాగ్రత్తలు

1. మోటారుకు తగిన కెపాసిటర్ పెట్టండి. 3 హెచ్‌పీకి 1, 5 హెచ్‌పీకి 2, 7.5 హెచ్‌పీకి 3, 10 హెచ్‌పీకి 4 కేవీఏఆర్ సరిపోతుంది.
2. కెపాసిటర్‌ను స్టార్టర్ తర్వాత మోటారు వైపు కలపాలి. మోటారు ఆగినా లైనులోనే ఉండే కెపాసిటర్ ఓల్టేజీని ఇంకా పెంచుతుంది.
3. ఆటో స్టార్టర్లు తీసివేయండి. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులు మాట్లాడుకుని వంతులవారీగా మోటార్లు వేసుకోండి.
4. వీలైనంత వరకు ఎండ బాగా ఉన్న వేళ తడి పెట్టండి.
5. ఓవర్‌లోడ్ రిలే, సింగిల్ ఫేజ్ ప్రివెంటర్, ఎర్తింగ్ తప్పనిసరిగా ఉండాలి.
6. లైనులో కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ ఆగిపోవడం లోపం కాదు. లైనుపై పనిచేసే సిబ్బంది ప్రాణరక్షణకే ఆ ఏర్పాటు. దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ తప్పించరాదు.

ఎవరికి చెప్పాలి?

ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం స్టార్టర్ మీటరులో ఓల్టేజీ చూసి వారం రోజులు రాసి పెట్టుకోండి. ఇన్వర్టర్ ఆగిన సమయాలూ రాయండి. ఆ వివరాలతో మీ సెక్షన్ ఏఈకి అర్జీ ఇవ్వండి, లేదా 1912కు ఫోన్ చేయండి. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చడం, వైరు మందం పెంచడం, అదనపు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం వంటి పనులు విద్యుత్ సిబ్బందే చేయాలి. రైతులు స్వయంగా ట్రాన్స్‌ఫార్మర్ జోలికి వెళ్లరాదు.