ఊరి తడినేలలకు ఊరివారి కావలి

ఒక యూరి సంపద యేమని యడిగినచో పెక్కుమంది యిండ్లను, అంగళ్లను, పొలములను, బడిని, గుడిని లెక్కింతురు. ఊరి వెలుపల నీరు నిలుచు పల్లము, తుంగ పెరిగిన మడుగు, సముద్రపుటాటుపోటులకు మునిగి తేలు పఱ్ఱ ఆ లెక్కలోనికి రావు. మన రెవిన్యూ దస్తరములలో శిస్తు రాని యుమ్మడి భూమికి పోరంబోకు అని పేరు. ఆ మాటయే మన నోట పనికిమాలిన మనిషిని తిట్టు తిట్టయి నిలిచినది. శిస్తు కట్టని నేలయు, కూలి తేని మనిషియు లోకమున కొక్కటిగనే తోచినట్లున్నది. ఇట్టి పనికిరాని నేలల కొఱకే అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మసాచుసెట్సున జీతము లేని గృహస్థులు చిన్న చిన్న సంఘములుగా కూడి అఱువదియేండ్లకు పైగా పాటుపడుచున్నారు. వాని పేరు కన్సర్వేషన్ కమిషనులు. మేము ప్రకృతిరక్షక సంఘములందుము. ఆ చరిత్ర మన గృహస్థులకు తెలియదగినదని తలచి యిచ్చట వ్రాయుచున్నాము.

మసాచుసెట్సులో చిన్నవి పెద్దవి కలిపి 351 పురములు గలవు. చిన్న పురములలో నేటికిని పురసభ యను నాచారము సాగుచున్నది. ఏటేట ఓటుహక్కు గల పురజనులు, కొన్నిచోట్ల వా రెన్నుకొన్న సభ్యులు, ఒక్కచోట కూడి ఆ యేటి ఖర్చును, ఊరి నిబంధనలను నిర్ణయింతురు. నిత్యపాలనకు సెలెక్టుమన్ అను పురపెద్దలుందురు. గ్రంథాలయము, శ్మశానము మొదలగు వాని కొఱకు వేర్వేఱు చిన్న సంఘములుండుటయు, వానిలో గృహస్థులు ఉచితముగా పనిచేయుటయు అచ్చట తరతరముల వాడుక. ఈ వాడుక నెఱుగక చట్టము మాత్రమే చదివినవారికి ప్రకృతిరక్షక సంఘములు ఆకసమునుండి యూడిపడినట్లు తోచును.

వీని పుట్టుక ఇప్స్విచ్ అను సముద్రతీర పురముతో ముడివడి యున్నది. బోస్టను నగరమున కుత్తరముగా నున్న యీ పురము 1634 లో ఏర్పడెను. అంతకు బహుకాలము ముందునుండి ఆదివాసులా తీరమున గుల్లలు త్రవ్వుకొని బ్రతికిరి. ఇంగ్లండునుండి వలసవచ్చినవారి కచ్చటి పఱ్ఱలు పెన్నిధివలె కనబడెను. అడవి కొట్టనక్కఱలేదు, దుక్కి దున్ననక్కఱలేదు. ఉప్పునీటిలో తనంత తాను పెరిగిన గడ్డి పశువుల మేతకు సిద్ధముగా నుండెను. పోటునీటి కందకుండ గుంజలు పాతి, వానిపై వాములు వేసి, చలికాలమున ఆ గడ్డిని తరలించుకొని పోయెడివారు. ఆ కాలమున పఱ్ఱ లేని రైతు బీదవాడు. తరువాత గుఱ్ఱములు పోయి మోటారు బండ్లు వచ్చెను, పాడి తగ్గెను, ఉప్పుగడ్డికి వెల పోయెను. నేల మాఱలేదు, దాని గౌరవము మాఱినది. నిన్న ఆస్తియైనది నేడు దోమల గుంటయయ్యెను.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప బోస్టను చుట్టును ఇండ్లకు గిరాకి పెరిగెను. 1951 లో నగరమును చుట్టివచ్చు 128 వ నంబరు రాజమార్గము తెఱవబడుటతో, పొలములు, తోపులు ఇండ్ల స్థలములుగా, కర్మాగారములుగా మాఱసాగెను. మెఱక భూములు ప్రియమయినకొలది కట్టడములవారి చూపు పల్లములపై పడెను. బండ్ల కొలది మట్టి పోసినచో పల్లము మెఱకయగును, మెఱకయైనచో అమ్ముడుపోవును. ఇందులో నేరమని చెప్పుటకు నాడు చట్టమేదియు లేకుండెను.

1957 లో వచ్చిన ప్రకృతిరక్షక సంఘముల చట్టమున నొక చమత్కారము గలదు. అంతకు ముందే పురములు పరిశ్రమల సంఘముల నేర్పఱచుకొనుటకు చట్టమొకటి యుండెను. పురముయొక్క పరిశ్రమ వనరుల నభివృద్ధి చేయుట దాని యుద్దేశము. క్రొత్త చట్టము దాదాపుగ ఆ మూసలోనే పోయబడి, పరిశ్రమ వనరులన్న చోట ప్రకృతి వనరులని చెప్పినది. కర్మాగారములను పిలుచుటకు సంఘ ముండవచ్చునేని, నీటిని నిలుపుటకు సంఘ మేల యుండరాదన్న తర్కము దీని వెనుక గలదు.

ఈ సంఘమున మువ్వురు మొదలుకొని యేడుగురి వఱకు సభ్యులు; పదవి మూడేండ్లు; పురములలో సెలెక్టుమన్‌లు, నగరములలో మేయరు వారిని నియమింతురు. వారు చేయవలసిన పని యేమి? ఊరి భూముల పరిస్థితిని పరిశోధించుట. బయళ్లు, చిత్తడులు, పఱ్ఱలు మొదలగు వానికెల్ల పట్టిక వ్రాసి యుంచుట. పటములు, కరపత్రములు ప్రకటించుట. కాపాడదగినవేవో పురమునకు సలహా చెప్పుట. పురము పేర భూదానములు స్వీకరించుట. అంతే. పూడ్చువానిని ఆపుమని చెప్పు నధికారము వారికి లేదు.

కోఱలు లేని యిట్టి సంఘమెందులకని నవ్వినవారుండవచ్చును. మా యభిప్రాయ మందులకు భిన్నము. అధికారము మొదటనే చేతికి వచ్చియున్నచో ఈ గృహస్థులు తమ యూరిని తెలిసికొనకయే తీర్పులు చెప్పియుందురు. అధికారము లేకుండుటచే వారు మొదట బూట్లు తొడుగుకొని బురదలో నడువవలసి వచ్చెను. ఏ వాగు ఏ మడుగులోనిది, ఏ మడుగు ఏ బావికి ఊట, ఏ పఱ్ఱ యెవరి పేర నున్నది యను పట్టిక వ్రాయుటకే సంవత్సరములు పట్టును. ఆ పట్టికయే తరువాత వారి బలమైనది.

రెండవ బలము ధనము. 1960 లో రాష్ట్రప్రభుత్వము స్వయంసహాయ పథకమొకటి పెట్టి, సంరక్షణకై పురము కొను భూమి వెలలో సగము వఱకు తాను తిరిగి యిత్తునని చెప్పినది. అందులకు షరతు, ఆ పురమున ప్రకృతిరక్షక సంఘ ముండవలెను. నీతిబోధలచే కదలని పురపెద్దలు సగము వెల యనగానే కదలిరన్న ఆశ్చర్య మక్కఱలేదు. పురసభలు ఏటేట కొంత సొమ్ము ప్రత్యేకనిధిలో వేసి, మంచి భూమి అమ్మకమునకు వచ్చినప్పుడు కొనుట కలవాటుపడినవి. ఇరుగుపొరుగు రాష్ట్రములును ఈ మార్గమున నడచినవి: కనెక్టికట్ 1961 లో, న్యూహాంప్‌షైర్ 1963 లో, మెయిన్ 1965 లో, న్యూజెర్సీ 1968 లో. వానిలో కొన్నిచోట్ల సంఘములు సలహాతోనే నిలిచిపోయినవి.

మసాచుసెట్సున మాత్రము కథ ముందునకు సాగెను. 1963 లో సముద్రతీరపు తడినేలలకును, 1965 లో లోతట్టు తడినేలలకును వేర్వేఱు చట్టములు వచ్చి, పూడ్చదలచినవాడు ముందుగా తెలియజేయవలెనని విధించినవి. వెంటనే పెద్ద వ్యాజ్య మొకటి పుట్టినది. వేర్‌హామ్ పురమున బ్రాడ్ మార్ష్ అను సుమారు 49 ఎకరముల పఱ్ఱను ఇండ్లు కట్టు వ్యాపారసంస్థ యొకటి కొనెను. దానిని పూడ్చి స్థలములు వేయవలెనని దాని యాలోచన. ప్రకృతి వనరుల కమిషనరు పఱ్ఱలో మట్టి పోయరాదని షరతు పెట్టెను. అనగా భూమి సంస్థదే; పన్ను కట్టవలసినదియు సంస్థయే; దానిపై ఇల్లు మాత్రము కట్టరాదు.

1965 లో రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము చెప్పిన తీర్పు మాకు మిక్కిలి ఆలోచనీయముగా తోచుచున్నది. పఱ్ఱగడ్డి కుళ్లి చేపలకు, గుల్లలకు ఆహారమగును గావున దానిని కాపాడుట ప్రజాప్రయోజనమే యని న్యాయస్థాన మంగీకరించెను. కాని ఆ ప్రయోజనము కొఱకు సొంతదారునికి నష్టపరిహారము లేకయే భూమిని లాగికొన్నట్లయినదా కాదా యను ప్రశ్నకు చాలినంత సాక్ష్యము లేదని కేసును క్రింది కోర్టునకు తిప్పి పంపెను. ఈ రెండు భాగములలో దేనిని విడిచినను న్యాయము కుంటుపడును. ఊరందఱి చేపలకై ఒక్కని నేల నిలిచిపోవలసినచో ఆ వెల యెవరిది? ఊరియొద్ద నిధి యున్నచో కొనవచ్చును. నిధి లేని యూరు షరతుతోనే పని గడుపజూచును. సంఘములకు నిషేధించు నధికారముకంటె కొను శక్తి ముందుగా వచ్చుట మేలైనదని మేము తలచుట కిదియే కారణము.

1972 లో ఆ రెండు చట్టములును కలిసి ఒకే తడినేలల రక్షణచట్టమయ్యెను. దానిని నడుపు భారము ఊరి ప్రకృతిరక్షక సంఘముపై పడినది. నాటినుండి తడినేలను పూడ్చుటకు, త్రవ్వుటకు, మార్చుటకు దలచినవాడు ముందుగా సంఘమునకు వ్రాసి యియ్యవలెను. 21 దినములలో బహిరంగ విచారణ జరుగవలెను. అది ముగిసిన 21 దినములలో షరతులతో ఉత్తర్వు వెలువడవలెను. త్రాగునీరు, భూగర్భజలము, వరద, తుపాను నష్టము, మాలిన్యము, గుల్లలు, చేపలు, వన్యప్రాణుల నెలవులు — వీనికి కలుగు హాని యొక్కటే విచారణీయము. పొరుగువాని యిల్లు తన కంటికి ఇంపుగా లేదను ఫిర్యాదు చెల్లదు. ఉత్తర్వు నచ్చనివారు రాష్ట్రశాఖకు మొఱపెట్టుకొనవచ్చును. ఆ యూరి నివాసులు పదుగురు కలిసి వ్రాసినను మొఱ వినవలసినదే. వారికి సొంతభూమి యుండనక్కఱలేదు. ఈ పదుగురి హక్కు మాకు ముచ్చటగా నున్నది.

విచారణ జరుగుట సాధారణముగా సాయంకాలమున, ఎవరి పనులు వారు ముగించుకొన్న తరువాత. ఒకవైపు ఇంజనీరుతోను న్యాయవాదితోను వచ్చిన భూస్వామి. ఎదుట ఊరి గృహస్థులు నలుగురైదుగురు. వారిలో ఒకరి బిడ్డలు భూస్వామి బిడ్డలతో ఒకే బడిలో చదువుచుందురు. పరాయి యుద్యోగి కాదనినచో కోపము ఇంటివఱకు రాదు. పొరుగువాడు కాదనినచో వచ్చును. అయినను 1979 లో డెన్నిస్ పురపు వ్యాజ్యమున, రాష్ట్రచట్టము కనీసపు కట్టుబాటే యనియు, పురము దానికంటె గట్టి నిబంధనలు చేసికొనవచ్చుననియు రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. తరువాత పెక్కు పురములు అట్లే చేసికొన్నవి.

ఈ తడినేలలు నిజముగా ఊరిని కాపాడునా యని సందేహించువారికి చార్లెస్ నదియే సాక్షి. 1968 మార్చిలో వచ్చిన వరదలో బోస్టను పరిసరములలోని దిగువ భాగమున నీరు కొలది కాలములోనే పొంగెను. ఎగువ చిత్తడులగుండ రావలసిన నీరు దినముల తరబడి మెల్లమెల్లగా దిగివచ్చెను. ఆనకట్టల కొఱకు చూచిన సైన్యపు ఇంజనీర్లు, ఆనకట్ట యిదివఱకే యున్నది, దానిని పూడ్చకుండిన చాలునను నిర్ణయమునకు వచ్చిరి. 1974 లో అమెరికా కాంగ్రెసు అనుమతింపగా, 17 చోట్ల సుమారు 8,100 ఎకరముల తడినేలలు కొనుటచేతనో, పూడ్చకుండ హక్కు పొందుటచేతనో కాపాడబడినవి. మన తెలుగు నాట చెఱువు గర్భమున ఇండ్లు లేచిన తరువాత వాన వచ్చినప్పుడు వీథులలో పడవలు నడిపినవారి కీ లెక్క వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇక దోషములు. జీతము లేని పని తీరిక గలవారి పని యగును. రెండు కూలీలు చేసికొని బ్రతుకువాడు విచారణకు రాలేడు, సభ్యుడు కాలేడు. నీటిని కాపాడుట యను నెపమున బీదల యిండ్లను ఊరిలోనికి రానీయకుండుటయు కొన్ని సంపన్న పురములలో జరుగుచున్నదను నింద యుత్తది కాదు. 1969 లోనే రాష్ట్రప్రభుత్వ మొక చట్టము చేసి, స్వల్పాదాయము గలవారి యిండ్ల పథకములకు ఊరి నిబంధనలను సడలించు మార్గము చూపినది. ఆ మార్గమున వచ్చినవారికి పురము తానుగా చేసికొన్న తడినేల నిబంధన సడలింపబడవచ్చును. రాష్ట్రపు తడినేలల చట్టము సడలదు. నీరును నీడయు పోరాడినప్పు డేది గెలువవలెనో తేల్చుటకు ఇంతకంటె చక్కని గీటు మాకు కానరాలేదు. అయినను ఈ గీటు దగ్గఱనే నేడును వ్యాజ్యములు నడచుచున్నవి.

2023 మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు, నదులతోను సరస్సులతోను పైనీటి సంబంధ మెడతెగక లేని తడినేలలకు కేంద్ర జలరక్షణ చట్టము వర్తింపదని తీర్పు చెప్పెను. దేశమంతటను బహువిశాలమైన చిత్తడులకు కేంద్రరక్షణ సడలిపోయినది. మసాచుసెట్సున 1972 చట్టము తన పట్టును తాను నిలుపుకొన్నది. అయితే వాగుతో కలియక విడిగా నున్న చిన్న చిత్తడులలో కొన్నింటి కా చట్టమును వర్తింపదు. వానికి దిక్కు డెన్నిస్ తీర్పు తరువాత పురములు తామై చేసికొన్న నిబంధనలును, సాయంకాలమున కూడు ఆ నలుగురైదుగురును.