మెట్టు దగ్గర శరీరం

మా మేనత్త రైలెక్కడం మానేసిందని ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకు మానేసిందో చాలాకాలం ఎవరూ అడగలేదు. వయసు మీద పడింది, ఓపిక తగ్గింది అనుకున్నాం. మూడేళ్ల వయసులో పోలియో వచ్చి రెండు కాళ్లూ సన్నబడిపోయినా, కర్రల సాయంతోనే ముప్పై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పిన మనిషి. పెళ్లిళ్లకీ, తీర్థాలకీ అందరికంటే ముందు సంచి సర్దుకునే మనిషి. అలాంటిది ఒక్కసారిగా "వొద్దులే, మీరెళ్లి రండి" అనడం మొదలుపెట్టింది.

చాలా ఏళ్ల తర్వాత, కరెంటు పోయిన ఒక రాత్రి, ఇద్దరమే ఉన్నప్పుడు చెప్పింది. ఒక స్టేషన్లో, దాని పేరు ఇక్కడ అనవసరం, ఇద్దరు మగవాళ్లు చంకల కింద చేతులేసి ఆవిడని పెట్టెలోకి ఎత్తారు. లోపల్నించి ఇంకొకడు నడుం పట్టుకుని లాగాడు. బండి కదిలిపోతుందన్న కంగారు. మా నాన్న సామాను అందిస్తున్నాడు. "ఆ చేతులు ఎక్కడెక్కడ పడ్డాయో ఎవరికి చెప్పమంటావే గుంటా? చెప్తే, సాయం చేసినవాళ్లనే అంటున్నావా అంటారు. నేనేటి, బస్తానా?" అంది.

నా పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసం స్త్రీవాద కవిత్వంలో శరీరం గురించి. నీళ్లాడిన శరీరం, వంటింట్లో కరిగిన శరీరం, చూపులు గుచ్చుకున్న శరీరం, అన్నీ ఉన్నాయందులో. మెట్టు దగ్గర ఆగిపోయిన శరీరం ఒక్క పేజీలోనూ లేదు. ఇంట్లో మా అత్త కర్రల చప్పుడు వింటూనే ఆ పేజీలన్నీ రాశాను. ఈ వ్యాసం ఆ సిగ్గులోంచి మొదలైంది.

నా ఊరు విశాఖపట్నం కాబట్టి వెతుకులాట ఇక్కడి స్టేషన్ నుంచే మొదలుపెట్టాను. దాని చరిత్ర రాసినవాళ్లకి ముందు కనిపించేది కంపెనీలు. 1893, 1896 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే కటక్ నుంచి బెజవాడ దాకా తీరం వెంబడి పట్టాలు పరిచింది. ఆ తర్వాత కొన్నేళ్లకే దాన్ని రెండుగా పంచారు. దక్షిణ భాగం మద్రాసు రైల్వేకీ, ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వేకీ పోయాయి. ఆ రెంటికీ సరిహద్దు వాల్తేరు. 1933లో హార్బరు తెరిచాక స్టేషన్‌కి పడిన ముఖం ఇప్పటికీ ఓడలవైపే. హౌరా నుంచి వచ్చే బండైనా, విజయవాడ నుంచి వచ్చే బండైనా ఒకే దిక్కు నుంచి లోపలికొస్తుంది. ముందుకు పోవాలంటే ఇంజను మార్చుకుని, వెనక్కి తిరిగి, వచ్చిన దారినే బయటికి పోవాలి. పిల్లలకి ఇదొక సరదా. ఇప్పటిదాకా ముందుకి చూస్తూ కూర్చున్నవాళ్లు ఇక్కణ్ణించి వెనక్కి చూస్తూ ప్రయాణిస్తారు.

వికలాంగుల పెట్టె ఎక్కవలసిన మనిషికి ఇది సరదా కాదు. ఆ పెట్టె గార్డు పెట్టెతో కలిపి, బండికి ఒక చివరన ఉంటుంది. హౌరాలో వెనకున్నది విశాఖ దాటాక ముందుకొస్తుంది. ఇరవైకి పైగా పెట్టెలున్న బండిలో ఆ చివర నుంచి ఈ చివరకి దాదాపు అర కిలోమీటరు. ఎక్కువగా నడవలేని వాళ్లకని ఇచ్చిన పెట్టెని, అందరికంటే ఎక్కువ నడిస్తే తప్ప అందనిచోట పెట్టారు. ఇలా పెట్టాలని ఎవరూ పగబట్టి ఆలోచించి ఉండరు. అసలు ఎవరూ ఆలోచించలేదన్నదే నా బాధ.

బాగా ఆలోచించి కట్టింది మాత్రం ఒకటుంది ఈ ఊళ్లో. 1960లో జపాన్‌తో ఒప్పందం కుదిరింది. బైలదిల్లా కొండల్లో ఇనుప ఖనిజాన్ని అక్కడి ఉక్కు కొలుములకి పంపాలి. అందుకోసం కొత్తవలస నుంచి కిరండూల్ దాకా తూర్పు కనుమల్ని తొలిచి, 58 సొరంగాలతో సుమారు 446 కిలోమీటర్ల లైను వేశారు. 1960ల చివరికల్లా ఖనిజం దిగడం మొదలైంది. 1976లో ఔటర్ హార్బరు వచ్చింది. ఆ ఖనిజం ఎలా ప్రయాణిస్తుందో చూడండి. వ్యాగన్ వచ్చి టిప్లర్ మీద నిలబడుతుంది. ఆ యంత్రం వ్యాగన్‌ని మొత్తంగా పట్టుకుని, పట్టాలతో సహా తిరగేస్తుంది. రాయి కిందికి జారి కన్వేయర్ బెల్టు మీద పడుతుంది. బెల్టు మీద నుంచి గుట్టలోకి, గుట్ట నుంచి మళ్లీ బెల్టు మీదకి, అక్కణ్ణించి ఓడ కడుపులోకి. దంతెవాడ కొండ మీద నుంచి బంగాళాఖాతం దాకా దారిలో ఒక్క మెట్టు లేదు. ఎవరూ దాన్ని చంకల కింద చేతులేసి ఎత్తరు.

మా అత్త తాను బస్తానా అని అడిగినప్పుడు నేను జవాబు చెప్పలేదు. ఈ లైను గురించి చదివాక అనిపించింది, రాయికున్నపాటి మర్యాదైనా ఆవిడకి దొరకలేదని. అదే లైను మీద నడిచే కిరండూల్ పాసింజర్లో అరకు సంతకి తట్టలతో ఎక్కే ఆదివాసీ స్త్రీల విషయమూ అంతే. లైను వాళ్ల కొండల గుండా పోయింది కానీ వాళ్ల అడుగు కొలతతో వేసింది కాదు.

కొలతల మాటెత్తాను కాబట్టి కొంచెం అంకెల్లోకి వెళ్లాలి. సాహిత్యం చదువుకున్నదానికి అంకెలెందుకని నవ్వినవాళ్లున్నారు, నవ్వనీయండి. మన రైల్వేలో ప్లాట్‌ఫారాలు మూడు ఎత్తుల్లో ఉంటాయి. పెద్ద స్టేషన్లలో పట్టాల పైనుంచి 760 నుంచి 840 మిల్లీమీటర్లు. మధ్యరకం 455. చిన్న స్టేషన్లలో పట్టాల ఎత్తుకే నేల. పెట్టె గచ్చు మాత్రం ఎక్కడైనా మీటరుంబావుకి అటూ ఇటూ. అంటే ఎంత పెద్ద స్టేషనైనా ప్లాట్‌ఫారం నుంచి పెట్టెలోకి ఇంకా అడుగున్నర ఎక్కాలి. చిన్న స్టేషన్లో అయితే నాలుగడుగులు, నిచ్చెనలా నిలువుగా ఉన్న ఇనప మెట్ల మీద, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, బిడ్డని ఇంకో చేత్తో పట్టుకుని. ఇక కమ్మీ పట్టుకోవడానికి మూడో చెయ్యి కావాలి.

ఇది వికలాంగుల సమస్య మాత్రమే అని పక్కన పెట్టేవాళ్లకి చెప్పవలసిన మాట ఒకటుంది. 1923 నుంచీ ఈ ఊళ్లో కింగ్ జార్జి ఆసుపత్రి ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, అటు కోరాపుట్ దాకా బీదవాళ్లకి పెద్దాసుపత్రి అంటే అదే. ఉద్దానం నుంచి కిడ్నీలు పాడైనవాళ్లు, నెలలు నిండినవాళ్లు, గర్భసంచి తీయించుకుని వారమైనా కానివాళ్లు పాసింజరు బండ్లలోనే వచ్చారు, పోయారు. వాళ్లలో ఎవరికీ వికలాంగుల సర్టిఫికెట్టు ఉండదు. ఆ మెట్టు దగ్గర మాత్రం అందరి శరీరమూ ఒకటే.

సర్టిఫికెట్టు సంగతి మరీ విచిత్రం. రైల్వే ఇచ్చే రాయితీ ఉంది, స్లీపరుకీ థర్డ్ ఏసీకీ 75 శాతం. మంచిదే. ఆ రాయితీ ఎవరికంటే, తోడు లేకుండా ప్రయాణం చేయలేని అస్థి సంబంధ వికలాంగులకి. డాక్టరు ఆ మాట రాసి సంతకం పెట్టాలి. తోడుండేవాళ్లకి కూడా రాయితీ. అంటే ఒక స్త్రీ నేను ఒంటరిగా వెళ్లగలను అంటే పూర్తి టిక్కెట్టు, వెళ్లలేను అని ఒప్పుకుంటే పావు టిక్కెట్టు. ఒంటరి ప్రయాణం కోసం అత్తింటితోనూ పుట్టింటితోనూ పోట్లాడిన మనం ఈ కాగితాన్ని ఎప్పుడైనా చదివామా? మెట్టు తీసేస్తే తోడు అక్కర్లేదు. మెట్టుని ఉంచి, తోడుకి రాయితీ ఇచ్చారు. స్త్రీకి తోడు అనేది కొత్తగా కనిపెట్టిన మాట కాదుగా, ఎవరికీ వింతగా తోచలేదు.

చట్టాలు రాలేదా అంటే వచ్చాయి. 1995 చట్టం రైలు పెట్టెల్నీ, వాటిలో మరుగుదొడ్లనీ చక్రాల కుర్చీకి అనువుగా మార్చాలంది, "ఆర్థిక స్తోమత, అభివృద్ధి పరిమితుల మేరకు" అన్న తోక తగిలించి. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను భారతదేశం 2007లో ఆమోదించింది. అందులో ఆరో అధికరణం ప్రత్యేకించి స్త్రీల గురించే. 2015 డిసెంబరులో సుగమ్య భారత్ అభియాన్ మొదలైంది. అదే నెలలో వికలాంగులకి "దివ్యాంగులు" అని పేరు పెట్టారు. దివ్యత్వం ఇవ్వడానికి ఖర్చుండదు, లిఫ్టుకి ఉంటుంది. 2016 చట్టం గడువు పెట్టింది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి కనుక, ఉన్న ప్రజా భవనాలన్నీ ఐదేళ్లలో, అంటే 2022కల్లా అందుబాటులోకి రావాలి. 2024 నవంబరు 8న రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధనల్లో పదిహేనవదాన్ని కొట్టేసింది. అది ఆదేశంలా కాక సలహాలా ఉందని, తప్పనిసరి ప్రమాణాలు వేరే రాయమని చెప్పింది. ముప్పై ఏళ్లు సలహాలతోనే గడిచాయన్నమాట.

ఈ ముప్పై ఏళ్లలో మా అత్త చెప్పిన విషయాన్ని బహిరంగంగా చెప్పిన స్త్రీ ఒకరున్నారు. ముంబైకి చెందిన విరాలీ మోదీ. చక్రాల కుర్చీలో ఉండే ఆవిడ, రైలెక్కించే నెపంతో కూలీలు తనని అసభ్యంగా తాకారని, అదీ ఒక్కసారి కాదని, 2017లో తన పేరుతోనే రాసి రైల్వే మంత్రికి విన్నపం పెట్టారు. లక్షల్లో సంతకాలొచ్చాయి. దక్షిణాదిలో కొన్ని స్టేషన్లలో మడిచి పెట్టుకునే ర్యాంపులు, పెట్టె నడవలో పట్టే సన్నటి కుర్చీలు పెట్టారు. అది చదివిన రోజు మా అత్తకి చూపించాను. రెండుసార్లు చదువుకుంది. "ఈ పిల్లకి ధైర్యం ఉంది" అని, కాసేపాగి, "నాకూ ఉండేదేమో, అడిగేవాళ్లుంటే" అంది.

కూలీల మీద నేరం మోపి ఊరుకుంటే నేను సగమే చూసినట్టు. కూలీ రేట్ల బోర్డు ఎప్పుడైనా చదివి ఉంటారు. ఇన్ని కిలోల సామానుకి ఇంత, కుర్చీలో మనిషికి ఇంత, స్ట్రెచరుకి ఇంత. ఒక్క బోర్డు మీదే అన్నీ. మోసేవాడికి జీతం లేదు, బిళ్ల ఉంది. 2016లో వాళ్ల పేరు "సహాయక్" అని మార్చారు, భుజం మీద బరువు మారలేదు. తాకరానిచోట తాకిన చెయ్యి తప్పుచేసిందే, అందులో నాకు సందేహం లేదు. కానీ ప్రతిసారీ ఒక స్త్రీ దేహం పరాయి మగవాడి చేతుల్లోకి పోక తప్పని ఏర్పాటు ఒకటి ఉంది. దాన్ని కట్టినవాళ్లు ఎవరికీ కనిపించరు. అలాంటిచోట "మంచి కూలీ దొరకాలి" అని కోరుకోవడం "మంచి మొగుడు దొరకాలి" అన్నట్టే ఉంటుంది.

వేరేగా కట్టవచ్చని తెలియక కాదు. 1972లో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బార్ట్ రైళ్లు మొదలైనప్పుడే స్టేషన్లకి లిఫ్టులు పెట్టించిన మనిషి, గని ప్రమాదంలో నడక పోగొట్టుకున్న హెరాల్డ్ విల్సన్. ఢిల్లీ మెట్రో 2002లో, హైదరాబాద్ మెట్రో 2017లో లిఫ్టులతోనే పుట్టాయి. పెట్టె గచ్చూ ప్లాట్‌ఫారమూ ఒకే ఎత్తు. అమీర్‌పేటలో తల్లులు తోపుడుబండిలో పిల్లల్ని పెట్టుకుని నేరుగా లోపలికి నడుస్తుంటే నేను నిలబడి చూశాను. ఎవరూ ఎవరినీ తాకడం లేదు.

విశాఖ స్టేషన్లోనూ లిఫ్టులొచ్చాయి, ఎస్కలేటర్లొచ్చాయి. ఎనిమిది ప్లాట్‌ఫారాలు, ఇటు మెయిన్ గేటు, అటు జ్ఞానాపురం గేటు. మొన్న సంక్రాంతి వెళ్లాక మా అత్తని తీసుకెళ్లాను. ప్రయాణానికి కాదు, ఊరికే, ప్లాట్‌ఫారం టిక్కెట్టు తీసుకుని. లిఫ్టులో వంతెన మీదకి వెళ్లాం. అక్కడ నిలబడి పట్టాలన్నీ చూసింది. కింద ఒక బండికి ఇంజను విప్పుతున్నారు. "మళ్లీ దిగి ఎక్కుదామా?" అంది. రెండుసార్లు దిగి ఎక్కాం. మూడోసారి దిగినప్పుడు, ఆగి ఉన్న బండి తలుపు దగ్గరికి వెళ్లింది. కర్రని ప్లాట్‌ఫారం మీద నిలువుగా ఆనించి, పెట్టె గచ్చు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ బొటనవేలు పెట్టింది. నన్ను పెన్ను అడిగి, ఆ చోట కర్ర మీద ఒక గీత గీసుకుంది.