పిలుపుకు బదులు

పెనుకొండ అనగానే మనకు కోటే గుర్తొస్తుంది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత తిరుమలరాయలు హంపీ వదిలి వచ్చి రాజధానిగా చేసుకున్న ఊరు కదా మరి! ఆ కాలంలో రాజుగారి ఉత్తరాలు రాసే కొలువును ‘రాయసం’ అనేవారు. అది ఇంటిపేరై ఇప్పటికీ మనలో ఉంది. తన తరఫున ఇంకొకరు జవాబు రాయడం రాజుగారికి దర్జా. మన ఆడవాళ్లకు మాత్రం అది దర్జా కాదు, తప్పని ఆనవాయితీ.

ఉద్యోగాల సంగతే చూడండి. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిలకు పని చూపించడానికి 1945లో మొదలైన ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజీలు తర్వాత అందరివీ అయ్యాయి. ఖాళీలను వాటికి తెలియజేయాలని 1959లో చట్టమొచ్చింది. ఖాళీ చెప్పాలే గానీ, ఉద్యోగం ఇచ్చి తీరాలని అందులో లేదు! డిగ్రీ అయిన అమ్మాయి పేరు నమోదు చేయించుకుని, మూడేళ్లకోసారి రెన్యూవల్ చేయించుకుంటూ, పోస్ట్‌మన్ కోసం గుమ్మంలో కాచుకునేది. తీరా ఇంటర్‌వ్యూ కార్డు వస్తే ముందు చదివేది నాన్నగారో, అన్నయ్యో. “అంత దూరమా? వద్దులే” అంటే అదే జవాబు. ఆ ‘వద్దు’ అయినా కాగితం మీదికి ఎక్కేది కాదు.

1995 ఆగస్టు 15న మన దేశంలో ఇంటర్నెట్ జనానికి అందుబాటులోకి వచ్చింది. 1997లో నౌకరీ డాట్‌కామ్ వెలిసింది. 2017 ఏప్రిల్‌లో కియా కంపెనీతో ఒప్పందమైంది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీ లేచి, 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ కారు బయటికొచ్చింది. రాయలవారి కోట చూసిన ఊరు ఏటా 3 లక్షల కార్లు చేయగల కర్మాగారాన్నీ చూసింది. ఇప్పుడు ఉద్యోగం పిలుపు గుమ్మంలోకి రాదు, అమ్మాయి చేతిలోని ఫోన్‌లోకే వస్తుంది. కవరు చించేవాళ్లు మధ్యలో లేరు.

అయితే జవాబు? అక్కడే చాలామంది తటపటాయిస్తారు. “మీ ప్రొఫైల్ చూశాం, ఆసక్తి ఉందా?” అని రిక్రూటర్ రాస్తే, రేపు చూద్దాం అనుకుంటారు. ఆ రేపు వారమవుతుంది. రెండు వాక్యాలు చాలునమ్మా! ఇష్టముంటే ఉందనీ, ఎప్పుడు మాట్లాడగలరో రాయండి. పని ఏమిటి, ఎక్కడ, షిఫ్టులేమిటి, జీతమెంత అని అడగండి. అడగడం అమర్యాద కాదు. ఇష్టం లేకపోతే “ప్రస్తుతం వీలుకాదు, మరో అవకాశం ఉంటే తెలపండి” అనండి. వద్దన్నా తలుపు మూసినట్టు కాదు. ఇక రిజిస్ట్రేషన్ ఫీజనో, డిపాజిట్ అనో డబ్బు అడిగారా, అది ఉద్యోగం కాదు, వల. మెయిలు కంపెనీ సొంత చిరునామా నుంచి వచ్చిందో లేదో చూసుకోండి.

అమ్మలకూ ఒక మాట. పిల్ల సలహా అడిగితే చెబుదాం, దూరాభారాలు లెక్కవేద్దాం. కానీ ‘సరే’ అయినా, ‘వద్దు’ అయినా రాయడం మాత్రం ఆమెకే వదిలేద్దాం. చివర సంతకం ఆమెది కదా! మన ముందు తరాల్లో ఎందరికో దక్కనిది సరిగ్గా అదే.