పత్రిక, పఠనం, ప్రజాసభ: నిజామాబాదు ప్రాంతంలో ప్రచార మాధ్యమాల ప్రభావం – ఒక చారిత్రక పరిశీలన

ప్రవేశిక

ప్రచార మాధ్యమాలు సమాజాన్ని ప్రభావితం చేస్తాయన్న మాట నేడు సామాన్యోక్తి అయింది. ఆ ప్రభావం ఏ దారిన, ఎవరి ద్వారా ప్రజల ప్రవర్తనగా మారుతుందన్న ప్రశ్నకు మాత్రం ఆ మాటలో సమాధానం లేదు. తెలంగాణ చైతన్య చరిత్రను రాసేటప్పుడు పత్రికల పాత్రను ప్రస్తావించని వారు లేరు. కాని 1931 జనాభా లెక్కల నాటికి హైదరాబాదు రాష్ట్రంలో అక్షరాస్యులు నూటికి పదిమంది కూడా లేరు. చదవలేని సమాజాన్ని పత్రిక ఎలా కదిలించింది? నిజామాబాదు, బోధన్, నవీపేట ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

భాషావమానం నుండి పత్రికా వ్యవస్థకు

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని ప్రాంగణంలో జరిగిన సంఘ సంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలి చేశారు. ఆ అవమానం నుండే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ మరుసటి ఏడు, 1922లో, నల్లగొండ నుండి ‘నీలగిరి’, ఇనుగుర్తి నుండి ‘తెనుగు’ పత్రికలు వెలువడ్డాయి. 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో ‘గోలకొండ పత్రిక’ ప్రారంభమైంది. తెలంగాణలో కవులు లేరన్న ఆక్షేపణకు జవాబుగా 1934లో వెలువడిన ‘గోలకొండ కవుల సంచిక’ 354 మంది కవులను ఒక్కచోట చేర్చింది. పత్రిక ఇక్కడ వార్తను అందించడంతో ఆగలేదు. ఎక్కడెక్కడో విడివిడిగా ఉన్న వారికి తామంతా ఒక సమాజమన్న ఎరుకను కలిగించింది.

రెండంచెల ప్రసారం

1940 అమెరికా అధ్యక్ష ఎన్నికల సమయంలో ఓహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో లాజర్స్‌ఫెల్డ్ బృందం ఓటర్లను అధ్యయనం చేసి, 1944లో ఫలితాలను ప్రకటించింది. పత్రికలు, రేడియో చెప్పేది నేరుగా జనానికి చేరడం కన్నా, చదివి విని అభిప్రాయం ఏర్పరచుకొన్న కొందరి ద్వారా తక్కినవారికి చేరుతుందని ఆ బృందం ప్రతిపాదించింది. దీనినే రెండంచెల ప్రసార సిద్ధాంతం అంటారు.

హైదరాబాదు రాష్ట్ర పరిస్థితికి ఈ సిద్ధాంతం వర్తిస్తుంది కాని పూర్తిగా సరిపోదు. ఇక్కడి రెండవ అంచె కేవలం వ్యక్తులు కారు. అది గ్రంథాలయం, ఆంధ్ర మహాసభ అనే సంస్థల రూపం ధరించింది. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలను స్వయంగా మోసుకొని ఊరూరా తిరిగి అమ్మడం ఈ అంచెకు సజీవ నిదర్శనం. పాలకులు కూడా ఈ సంగతిని గ్రహించారు. ముందస్తు అనుమతి లేకుండా సభలు జరపరాదన్న ‘గస్తీ నిషాన్ 53’ దీనికి సాక్ష్యం. పత్రిక మీద ఉన్నంత శంక పత్రిక విన్న జనం గుమిగూడడం మీద కూడా ఉండేదని ఈ ఉత్తరువు తెలుపుతుంది.

1937: నిజామాబాదు సభ

ఆంధ్ర మహాసభ ఆరవ సమావేశం 1937లో నిజామాబాదులో జరిగింది. అధ్యక్షులు మందుముల నరసింగరావు. దానితోపాటు జరిగిన మహిళా సభకు నందగిరి ఇందిరాదేవి అధ్యక్షత వహించారు. తెలుగువారి సభకు అధ్యక్షుడైన నరసింగరావు ‘రయ్యత్’ అనే ఉర్దూ పత్రికకు సంపాదకులు కావడం గమనించదగినది. పాలనా భాష ఉర్దూ అయినందున అధికారులకు, ఉద్యోగులకు, చదువుకొన్న వర్గాలకు వాదం వినిపించాలంటే ఆ భాషలోనే రాయవలసి ఉండేది. ఊరికి చెప్పవలసినది తెలుగులో చెప్పవలసి ఉండేది. మాధ్యమ ప్రభావాన్ని ఒకే భాషలోని పత్రికల ద్వారా అంచనా వేసే పద్ధతి ఈ కారణంగానే అసమగ్రం. అదే 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారం వల్ల బోధన్ తెలుగు, మరాఠీ, ఉర్దూ మాట్లాడే శ్రామికులు కలిసి బ్రతికే చోటు అయింది. ఇటువంటి చోట వార్త ఒక భాష నుండి మరొక భాషకు నోటి మాటగానే దాటుతుంది.

అచ్చు ఆగినచోట

‘రయ్యత్’లో పనిచేసిన షోయబుల్లా ఖాన్ ఆ పత్రిక మూతపడిన తరువాత ‘ఇమ్రోజ్’ నడిపారు. హైదరాబాదు భారత యూనియన్‌లో చేరాలని రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురయ్యారు. ఆ సంవత్సరమే నిజామాబాదు జైలులో దాశరథి కృష్ణమాచార్య బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశారు. ఆళ్వారుస్వామి అక్కడ ఆయనకు తోటి ఖైదీ. 1949లో వెలువడిన ‘అగ్నిధార’ను దాశరథి ఆయనకే అంకితమిచ్చారు. పత్రిక లేనిచోట గోడ మాధ్యమమైంది, తోటి ఖైదీ పాఠకుడయ్యాడు. మాధ్యమం ఎంత చిన్నదైనా దానిని అందుకొని మరొకరికి చేర్చే మనిషి ఉంటే ప్రభావం ఆగదని ఈ ఘటన నిరూపిస్తున్నది.

దిశ మారిన ప్రభావం

2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు నుండి 185 మంది పోటీ చేశారు. వారిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న పండించే రైతులు. ప్రతి పోలింగు కేంద్రంలోనూ 12 బ్యాలెట్ యూనిట్లు అమర్చవలసి వచ్చింది. 1996లో నల్లగొండలో ఫ్లోరైడు సమస్యపై 480 మంది బరిలో నిలిచిన ఘటన దీనికి పూర్వరూపం. ఇక్కడ మాధ్యమం ప్రజలను కదిలించిందనడం కన్నా, ప్రజలే తమ ప్రవర్తనను వార్తగా మలచి మాధ్యమాన్ని కదిలించారనడం సమంజసం. అయితే దేశం దృష్టి మరలడం, గిట్టుబాటు ధర దక్కడం ఒకటి కావు. వార్త అయిన సమస్య పరిష్కారమైన సమస్యగా భ్రమింపజేయడం మాధ్యమ ప్రభావంలోని పరిమితి.

ముగింపు

పై పరిశీలన వలన మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, ఈ ప్రాంతంలో మాధ్యమ ప్రభావం అక్షరాస్యతపై కన్నా, చదివి వినిపించి చర్చించే సంస్థలపై ఎక్కువగా ఆధారపడింది. రెండు, తెలుగు పత్రికల చరిత్రను ఉర్దూ పత్రికలతో కలిపి చదవనిదే తెలంగాణ చైతన్య చరిత్ర పూర్తి కాదు. మూడు, ప్రజలు మాధ్యమానికి కేవలం గ్రహీతలు కారు, సందర్భం వచ్చినప్పుడు కర్తలు కూడా. నేడు వార్త ప్రతి చేతిలోని ఫోనుకు నేరుగా చేరుతున్నది. కాని దానిని నలుగురిలో కూర్చుండి తర్కించే గ్రంథాలయం, సభ వంటి రెండవ అంచె పలుచబడింది. మాధ్యమ పరిశోధకులు చూపు సారించవలసినది ఈ లోటుపైనే.