బందెలదొడ్డిలో పడ్డ డబ్బు: 2001-02లో బ్యూనస్ ఎయిర్స్

2001 డిసెంబరు మొదట్లో బ్యూనస్ ఎయిర్స్ జనం నోట ఒక మాట కొత్తగా నానడం మొదలైంది: కొర్రాలితో. చిన్న దొడ్డి అని అర్థం, మన బందెలదొడ్డి లాంటిది. ఆ దొడ్డిలో ఇప్పుడు ఊరందరి డబ్బూ పడింది. ఖాతాలోంచి వారానికి 250 పెసోలకు మించి నగదు తీయకూడదని ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. జీతాలు, పింఛన్లు, ముసలితనానికని దాచుకున్న సొమ్ము అన్నీ ఖాతాలో అంకెలుగానే మిగిలాయి.

ఈ దొడ్డికి పునాది పదేళ్ల కిందటే పడింది. 1989లో అర్జెంటీనాలో ధరలు 3,000 శాతానికి పైగా పెరిగాయి. పొద్దున చూసిన ధర సాయంత్రానికి ఉండేది కాదు. ఆ భయంలోంచి పుట్టిందే 1991 ఏప్రిల్ నాటి చట్టం. మెనెమ్ అధ్యక్షుడిగా, కవాలో ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు వచ్చిన ఆ చట్టం దేశ కరెన్సీని డాలరుకు ముడివేసింది. ఒక పెసోకు ఒక డాలరు ఇస్తామన్నది దేశం తన ప్రజలకు ఇచ్చిన మాట. ధరలు అదుపులోకి వచ్చాయి, జనం ఆ మాట నమ్మారు. అయితే ముడి బిగిసినకొద్దీ విదేశీ అప్పు పెరిగింది. 1999 జనవరిలో పొరుగున ఉన్న బ్రెజిల్ తన కరెన్సీ విలువ తగ్గించుకోవడంతో అర్జెంటీనా సరుకు ఖరీదైపోయింది. పెసో విలువ తగ్గించే దారి చట్టమే మూసేసింది కనుక కోత మనుషుల మీద పడింది. 2001 జులైలో ప్రభుత్వోద్యోగుల జీతాలు, పింఛన్లు 13 శాతం తగ్గించారు. డిసెంబరులో అంతర్జాతీయ ద్రవ్యనిధి కూడా చెయ్యి ముడుచుకుంది.

డిసెంబరు 19 రాత్రి, నడివేసవి. శివార్లలో రెండు రోజులుగా దుకాణాల లూటీలు. అధ్యక్షుడు దె లా రువా టీవీలో కనిపించి అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. ఆ ప్రసంగం నడుస్తుండగానే ఒక బాల్కనీలో ఎవరో గరిటెతో గిన్నె మీద కొట్టారు. పక్క బాల్కనీ అందుకుంది. కాసేపట్లో వీధులకు వీధులు మోగాయి. నిక్కర్లతో, ఇంటి చెప్పులతో, చంకన పిల్లలతో జనం అధ్యక్ష భవనం ఎదుటి చౌకు ప్లాసా దె మాయో వైపు నడిచారు. మర్నాడు ఆ చౌకు చుట్టుపక్కల పోలీసుల తూటాలకు మనుషులు రాలారు. ఆ రెండు రోజుల్లో దేశం మొత్తం మీద 30 మందికి పైగా చనిపోయారు. సాయంత్రానికి అధ్యక్షుడు రాజీనామా చేసి, భవనం పైకప్పు మీంచి హెలికాప్టర్‌లో వెళ్లిపోయాడు. తర్వాత పది పన్నెండు రోజుల్లో పదవి చేతులు మారుతూ పోయి దుఆల్దె దగ్గర ఆగింది. ఈలోగా దేశం అప్పు కట్టలేమని ప్రకటించింది. 2002 జనవరిలో పెసో ముడి విప్పేశారు. జూన్ నాటికి డాలరు దాదాపు నాలుగు పెసోలు పలికింది. ఆ ఏడాది అక్టోబరు లెక్కల్లో సగానికి పైగా జనాభా పేదరికంలో ఉంది.

డాలర్లు జేబులో వేసుకుని ఆ ఏడాది నగరానికి వచ్చిన యాత్రికుడికి అన్నీ చవకే. కొర్రియెంతెస్ వీధిలో నాటకశాలల దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. అక్కడి పుస్తకాల దుకాణాలు అర్ధరాత్రి దాకా తెరిచే ఉన్నాయి. సాంతా ఫే వీధిలో 1919 నాటి నాటకశాల అంతకు రెండేళ్ల ముందే పుస్తకాల దుకాణంగా మారింది, వేదిక మీద కూర్చుని కాఫీ తాగుతూ చదువుకోవచ్చు. అదే వీధుల్లో బ్యాంకులు మాత్రం అద్దాలకు ఇనుప రేకులు బిగించుకున్నాయి. దేశం వదిలి వెళ్లేందుకు ఇటలీ, స్పెయిన్ కాన్సులేట్ల ముందు వరసలు కట్టినవాళ్లు, ఒకప్పుడు ఆ దేశాల నుంచి ఓడల్లో వలస వచ్చినవాళ్ల మనవలు.

ఇంత కష్టంలో ఇంత సందడి ఎలా సాధ్యం? చాలామంది దాన్ని ఆ ఊరివాళ్ల స్వభావం అని సరిపెట్టుకున్నారు. నాకు ఆ జవాబు చాలదు. ఆ సందడి వెనక నూరేళ్లకు పైగా కూడగట్టిన అలవాటు ఉంది. 19వ శతాబ్దంలో వలస వచ్చినవాళ్లు రోగం వచ్చినా, చావు వచ్చినా ఒకరికొకరు ఆదుకునేందుకు పరస్పర సహాయ సంఘాలు పెట్టుకున్నారు. పేటపేటకూ క్లబ్బులు, కార్మిక సంఘాలు వెలిశాయి. 1870లోనే పౌర గ్రంథాలయాలకు చట్టం వచ్చింది. చందా వసూలు చేయడం, సమావేశం నడపడం, పద్దు రాయడం తరతరాలుగా చేతికి అలవాటైన పనులు. బ్యాంకు మాట తప్పిన రోజున ఆ అలవాటే అక్కరకొచ్చింది.

2002లో పేటల కూడళ్లలో సభలు పుట్టాయి. ఆదివారాలు సెంతెనారియో పార్కులో అన్ని పేటలవాళ్లూ కలిసి చర్చించుకునేవారు. 1995లో బెర్నాల్‌లో కొద్దిమంది పొరుగువాళ్లు మొదలుపెట్టిన వస్తుమార్పిడి క్లబ్బులు ఇప్పుడు లక్షలమందికి ఆసరా అయ్యాయి. రొట్టె ఇచ్చి జుట్టు కత్తిరించుకోవచ్చు, చెల్లింపుకు క్లబ్బు అచ్చేసిన చీటీలు. బ్రుక్‌మన్ బట్టల ఫ్యాక్టరీలో బకాయి జీతం అడిగిన కార్మికులు, ఎక్కువమంది ఆడవాళ్లు, యాజమాన్యం తిరిగి రాకపోతే కుట్టుమిషన్ల దగ్గరే ఉండిపోయి పని సాగించారు.

అన్నీ నిలవలేదు. దొంగ చీటీలు వచ్చిపడి మార్పిడి క్లబ్బులు 2002 చివరికల్లా కుప్పకూలాయి. పేట సభలు ఏడాది తిరిగేసరికి పలచబడ్డాయి. బ్రుక్‌మన్ కార్మికులను 2003 ఏప్రిల్‌లో పోలీసులు గెంటేశారు, అక్టోబరులో నగర శాసనసభ చట్టం చేశాకే ఫ్యాక్టరీ వాళ్లకు దక్కింది. ముఖాముఖి తెలిసినవాళ్ల మధ్య నిలిచిన నమ్మకం, ముక్కూమొహం తెలియని చేతుల్లోకి కాగితంగా వెళ్లగానే చెడింది. పెసోకు జరిగిందీ ఇదే.

ఇక సాయంకాలపు రైలు. శివారులోని హోసె లియోన్ సువారెజ్ నుంచి సీట్లు పీకేసిన పెట్టెలతో అది నగరానికి వచ్చేది. దిగేవాళ్లు కార్తోనేరోలు, అట్టలు ఏరి అమ్ముకునేవాళ్లు. పెసో పడిపోయాక దిగుమతి కాగితం ప్రియమై చిత్తుకాగితానికి గిరాకీ వచ్చింది. పని పోయిన మేస్త్రీలు, ఫ్యాక్టరీ కార్మికులు కూడా తోపుడుబండి పట్టారు. 1977 నుంచి చెత్త ఏరడం నేరం. 2002 డిసెంబరులో నగరం చట్టం మార్చి వాళ్లను పనివాళ్లుగా గుర్తించింది.

మరుసటి ఏడాది రచయిత వాషింగ్టన్ కుకుర్తో, చిత్రకారుడు హావియెర్ బరిలారో మరికొందరితో కలిసి ఎలోయిసా కార్తోనేరా అనే ప్రచురణ సంస్థ పెట్టారు. కార్తోనేరోల దగ్గర బజారు ధర కన్నా ఎక్కువిచ్చి అట్ట కొనడం, కత్తిరించి మడవడం, ఒక్కొక్క ముఖచిత్రం చేత్తో రంగులేయడం, లోపల కథలో కవితలో కుట్టడం వాళ్ల పని. అలాంటి పుస్తకం చేతిలోకి తీసుకుంటే ముందు కనిపించేది రంగు. ముఖచిత్రం తిప్పి చూస్తే, ఆ అట్ట ఒకప్పుడు మోసిన సరుకు పేరు ఇంకా చదవొచ్చు.