దిల్‌సుఖ్‌నగర్ నుంచి సాహెబ్‌నగర్ దాకా: చావు పని ఎవరిది, చావు లెక్క ఎవరిది?

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ ఎల్‌బీ నగర్. అక్కడితో లైను అయిపోతుంది. దిగి విజయవాడ రోడ్డు పట్టుకుని కాస్త ముందుకు పోతే వనస్థలిపురం, దాన్ని ఆనుకుని సాహెబ్‌నగర్. ఈ కొద్దిపాటి దూరంలో 2009 తర్వాత జరిగిన మూడు ఘటనల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, మన సమాజం ఏ చావును ఎట్లా తలుచుకుంటుందో అర్థమవుతుంది.

29 నవంబర్ 2009న ఎల్‌బీ నగర్ చౌరస్తాలో కాసోజు శ్రీకాంతాచారి ప్రత్యేక తెలంగాణ కోసం ఆత్మాహుతికి పాల్పడ్డాడు. డిసెంబర్ 3న కన్నుమూశాడు. ఆయన విగ్రహం ఆ చౌరస్తాలోనే ఉంది, ఏటా దండలు పడతాయి. 21 ఫిబ్రవరి 2013 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు బాంబులు పేలి 18 మంది చనిపోయారు. ఎన్ఐఏ దర్యాప్తు చేసింది, 2016 డిసెంబర్‌లో ప్రత్యేక కోర్టు ఐదుగురికి మరణశిక్ష వేసింది, 8 ఏప్రిల్ 2025న హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. మూడోది 3 ఆగస్టు 2021 రాత్రి సాహెబ్‌నగర్‌లో జరిగింది. జీహెచ్ఎంసీ పని పట్టిన ఒక కాంట్రాక్టర్ కింద మ్యాన్‌హోల్ శుభ్రం చేయడానికి మనుషులను దింపారు. ముందు దిగినతను పైకి రాలేదు. అతన్ని కాపాడదామని ఇంకొకతను దిగాడు. అతనూ రాలేదు.

మొదటి రెండు తేదీలు ఈ ప్రాంతంలో చాలామందికి గుర్తే. మూడోది ఎంతమందికి గుర్తుంది? మొదటి చావుకు అమరత్వం అనే మాట ఉంది. రెండోదానికి ఉగ్రదాడి అనే మాట ఉంది. మూడోదాన్ని పేపర్లు ‘ప్రమాదం’ అన్నాయి. మొదటి రెండింటినీ తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆ మూడో మాట ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడానికే అంటున్నాం. దాని కోసం నగరం నుంచి ఊరికి పోవాలి.

ఊళ్లో చావు ఒక కుటుంబానికి దుఃఖం. దళితవాడకు అది పని. పెద్దకులాల ఇంట్లో మనిషి పోతే పొరుగూళ్ల చుట్టాలకు సావు కబురు మోసుకుపోవడం, ఇంటి ముందు డప్పు కొట్టడం, కట్టెలు చేర్చడం, గుంత తీయడం, కాలేదాకా కాటి దగ్గర కాపలా ఉండటం అన్నీ మాదిగ, మాల ఇళ్ల నెత్తిన పడేవి. చేతిలో పెట్టింది కూలి కాదు. ఇన్ని గింజలు, ఇంత కల్లు, ఒక పాత బట్ట. రానంటే కుదరదు. దీని పేరే వెట్టి. చావును మైల అన్నారు, ఆ మైలను ముట్టే పనిని కొన్ని కులాలకు కట్టబెట్టారు, ఆ పని చేస్తున్నారు కాబట్టి వాళ్లు అంటరానివాళ్లు అన్నారు. తిరిగి తిరిగి అక్కడికే వచ్చే ఈ వాదాన్ని శాస్త్రం అన్నారు.

మరి అదే డప్పు వాడలో ఎట్లా మోగుతుంది? పండు ముసలి పోతే డప్పు ముందు మనవళ్లు ఆడతారు. చిర్ర, చిటికెన పుల్ల కలిసి వేసే దరువుకు ఏడుపూ నవ్వూ రెండూ కలుస్తాయి. బ్రాహ్మణ పురోహితుడు ఎన్నడూ రాని వాడలో చావు తంతు జరిపించడానికి మాల దాసరుల వంటి వాళ్లున్నారు. చాలా ఇళ్లలో కాల్చరు, పూడ్చుతారు. చనిపోయినవాళ్లకు ఇష్టమైన కూర వండి పెడతారు, కల్లు సాక పోస్తారు, పిట్ట ముట్టిందాకా కాచుకుంటారు. చావును దాచిపెట్టని, దానితో కలిసి కూర్చునే సంస్కృతి ఇది. సొంత తల్లి పాడె ముందు మోగిన డప్పు గౌరవం. దొర పాడె ముందు తప్పనిసరై మోగిన డప్పు వెట్టి. తోలు ఒకటే, చెయ్యి ఒకటే. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా ఆ డప్పును ఉద్యమం భుజానికి ఎక్కించింది. పెద్దకులాల చావులకు ఇక కొట్టమన్న ఊళ్లలో సాంఘిక బహిష్కరణ ఎదురైన సంగతి ఈ పేజీలు చదివేవాళ్లకు కొత్త కాదు.

ఇక్కడ హరిశ్చంద్ర నాటకాన్ని తలుచుకోవాలి. తెలుగు ఊళ్లన్నీ రాత్రంతా మేలుకుని చూసిన కాటి సీను అది. రాజు కాటికాపరి అయ్యాడని జనం ఏడ్చారు. ఆ కాటికి యజమాని అయిన వీరబాహు గురించి, పుట్టుకతోనే కాటికాపరి అయినవాడి గురించి ఒక్క కన్నీటి చుక్క రాలలేదు. రాజు మళ్లీ సింహాసనం ఎక్కుతాడు, కాటి పని కాటివాడికే మిగులుతుంది. ఆ సీనులో నటులు పాడుకుంటూ వచ్చిన శ్మశానవాటి పద్యాలు గుర్రం జాషువావి (1895–1971). అంటరానితనం అనుభవించిన కవి మాటలతో రాజు బాధకు చప్పట్లు పడ్డాయి.

చాలా కులాల్లో ‘దింపుడు కళ్లెం’ ఉంది. పాడెను దారిలో దించి, పోయిన మనిషిని పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు, పలుకుతాడేమోనని. ఆ ఆశ అందరిదీ. పాడె మళ్లీ లేచాక దారులు చీలతాయి. ఊరి శ్మశానం వేరు, వాడ బొందలగడ్డ వేరు. వాగు ఒడ్డున, చెరువు శిఖంలో, పట్టా లేని జాగాలో వాడ గోరీలుంటాయి. పల్లె ప్రగతి కింద ఊరూరా వైకుంఠధామాలు కట్టారు. పూడ్చే కులాలకు అక్కడ చోటెంత, వాడ మనుషుల్ని అక్కడికి రానిస్తున్నారా అన్నది ఊరూరా అడగాల్సిన ప్రశ్న. మతం మారినా ఇది వదలదు. పక్క రాష్ట్రం ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో 7 జనవరి 2025న చనిపోయిన ఒక దళిత క్రైస్తవ పాస్టర్‌ను సొంతూళ్లో పూడ్చనివ్వలేదు. శవం మార్చురీలోనే ఉండగా కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఇద్దరు జడ్జిలు వేర్వేరుగా చెప్పారు. చివరికి జనవరి 27న, ఊరికి దూరంగా ఉన్న వేరే క్రైస్తవ శ్మశానంలో పూడ్చమన్నారు.

నగరంలో ఇవన్నీ పోయాయనుకుంటాం. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, చైతన్యపురి గల్లీలు కిరాయి ఇళ్లతో, హాస్టళ్లతో నిండి ఉంటాయి. నల్లగొండ, పాలమూరు, ఖమ్మం నుంచి కోచింగ్ కోసం, కూలి కోసం వచ్చినవాళ్లే ఎక్కువ. ఇల్లు అడిగేటప్పుడు ‘మీరేమిట్లు?’ అన్న ప్రశ్న ఎదురుకాని దళిత విద్యార్థి అరుదు. రెండో ప్రశ్న ఎవరూ ముందు అడగరు, అది చావు వచ్చినప్పుడే బయటపడుతుంది. కిరాయిదారు ఇంట్లో ఎవరైనా పోతే శవాన్ని లోపలికి తేవద్దనే ఓనర్లు హైదరాబాద్‌లో తరచూ వార్తల్లో కనబడతారు. ధనిష్ఠా పంచకంలో పోతే ఇల్లు నెలల తరబడి మూసేయాలన్న నమ్మకం దానికి తోడు. సొంతిల్లు ఉన్నవాడికి అది పంచాంగం సమస్య, కిరాయివాడికి రోడ్డు మీద షామియానా. అందుకే చాలామంది ఆస్పత్రి మార్చురీ నుంచే బండి మాట్లాడుకుని, ఎల్‌బీ నగర్ దాటి విజయవాడ రోడ్డునో సాగర్ రోడ్డునో పట్టుకుని ఊరికి పోతారు. ముప్పై ఏళ్లు నగరంలో బతికిన మనిషి చివరికి చేరేది ఆ వాడ బొందలగడ్డకే.

చట్టం ఈ చావు పనిని ఏమంటుందో కార్యకర్తలకు తెలిసి ఉండాలి. శ్మశానంలోకి రానివ్వకపోవడం 1955 పౌరహక్కుల రక్షణ చట్టం సెక్షన్ 4 కింద నేరం. 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఇంకా ముందుకు పోయింది. దళితులతో మనుషుల, పశువుల కళేబరాలు మోయించినా, గుంతలు తవ్వించినా అది సెక్షన్ 3(1)(ఐ) కింద అత్యాచారమే. శ్మశానాన్ని అందరితో సమానంగా వాడుకోనివ్వకపోవడం, సాంఘిక బహిష్కరణ కూడా అదే సెక్షన్ 3(1)లో ఉన్నాయి. ‘ఊరి ఆనవాయితీ’ అన్న జవాబు అక్కడ చెల్లదు.

మ్యాన్‌హోల్ సంగతికొస్తే, 2013 చట్టం సెక్షన్ 7 ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకో సెప్టిక్ ట్యాంకులోకో దింపకూడదు. నేరుగానే కాదు, కాంట్రాక్టర్ ద్వారా కూడా దింపకూడదు. తొలిసారి నేరానికి రెండేళ్ల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. 27 మార్చి 2014న సఫాయి కర్మచారీ ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు, 1993 నుంచి ఇట్లా చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వమంది. ఆ సంస్థను నడిపిస్తున్న బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల్లోని తెలుగు సఫాయి కుటుంబంలో పుట్టినవారు. 20 అక్టోబర్ 2023న బలరాం సింగ్ కేసులో కోర్టు ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది.

పరిహారం కోసం కొట్లాడటం ఒక ఎత్తు, కేసు ఎట్లా రాస్తున్నారో చూడటం ఇంకో ఎత్తు. పోలీసులు తరచూ నిర్లక్ష్యం వల్ల మరణం అన్న సెక్షన్‌తో సరిపెడతారు. అంతకుముందు అది ఐపీసీ 304-ఎ, ఇప్పుడు బీఎన్ఎస్ 106. అక్కడే ఆ చావు ‘ప్రమాదం’ అయిపోతుంది. ఎఫ్ఐఆర్ కాపీ చేతికి రాగానే మూడు సంగతులు చూడండి: 2013 చట్టం సెక్షన్లు 7, 9 ఉన్నాయా, చనిపోయినవారు ఎస్సీ లేదా ఎస్టీ అయితే అత్యాచారాల చట్టం చేర్చారా, కాంట్రాక్టర్ పేరుతో పాటు పని అప్పగించిన అధికారి పేరు ఉందా. లేకపోతే శవపరీక్ష అయ్యేలోపే రాతపూర్వకంగా అడిగి, రసీదు తీసుకోండి.